సిమిలిపాల్ నల్లపులులు

పులి ఒంటిమీది చారలు దానికి అందమునకు మాత్రమే ఏర్పడినవి కావు. ఎండుగడ్డి పసుపులోను, చెట్ల నీడల నలుపులోను కలిసిపోయి, జింక కంట పడకుండ పొంచియుండుటకు అవి దానికి తోడ్పడును. మనుష్యుల వ్రేలిముద్రలవలెనే ఏ రెండు పులుల చారలును ఒక్క తీరున ఉండవు. అడవిలోని పులులను లెక్కించువారు ఈ చారలనుబట్టియే ఒక్కొక్కదానిని గుర్తింతురు. ఇంత వైవిధ్యమున్నను, పసుపు రంగు చర్మముపై విడివిడిగా సాగు నల్లని చారలు అను సామాన్య లక్షణము మాత్రము పులులన్నిటికిని సమానమే.

ఈ సామాన్య లక్షణమునకు భిన్నముగా నున్న అడవిపులులు లోకములో ఒక్క తావుననే కనబడుచున్నవి. ఒడిశా రాష్ట్రమున మయూర్‌భంజ్ జిల్లాలోని సిమిలిపాల్ అడవియే ఆ తావు. అక్కడి పులులలో కొన్నింటి చారలు మిక్కిలి వెడల్పై, ఒకదానితో నొకటి కలిసిపోయి, వీపుమీద నల్లని కంబళి కప్పినట్లు కనబడును. జనులు వీనిని నల్లపులులు అందురు.

ఈ పులులు అక్కడనే ఎందుకున్నవి? అక్కడనైనను అంత ఎక్కువగా ఎందుకున్నవి? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వెదకుట జీవపరిణామ శాస్త్రము, జన్యుశాస్త్రము, పర్యావరణ శాస్త్రము మూడును కలిసి చేయవలసిన పని. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రమున ఆచార్య ఉమా రామకృష్ణన్ ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా నుండిన వినయ్ సాగర్, పెక్కుమంది సహచరులతో కలిసి ఈ పని చేసి, 2021లో ఫలితములను ప్రకటించెను. ఆ ఫలితములు వింతజంతువును గూర్చిన ముచ్చటతో ముగియవు. అడవులు ముక్కలైనపుడు వానిలో చిక్కుకొన్న జంతువులకు ఏమి జరుగునో అవి తెలుపుచున్నవి.

నిజముగా నల్లనివేనా?

సిమిలిపాల్ సాలవృక్షములతో నిండిన కొండల అడవి. విరివిగా పూచు బూరుగు చెట్లనుబట్టి దానికి ఆ పేరు వచ్చినదందురు. 1973లో పులుల సంరక్షణ ప్రణాళిక ప్రారంభమైనపుడు మొదట ఎన్నుకొన్న తొమ్మిది అడవులలో ఇదియు నొకటి. దాని విస్తీర్ణము సుమారు 2,750 చదరపు కిలోమీటర్లు.

ఈ అడవిలో నల్లపులులు కలవని చిరకాలము చెప్పుకొనుటయే కాని, నమ్మదగిన సాక్ష్యము చాల కాలము లభింపలేదు. 1993లో ఆ ప్రాంతమున ఆత్మరక్షణకై విడిచిన బాణములు తగిలి చనిపోయిన ఒక ఆడపులి చర్మముపై నల్లని చారలు దట్టముగా అల్లుకొని యుండెను. 2007లో అడవిలో అమర్చిన కెమెరాలకు బ్రతికియున్న నల్లపులులే చిక్కినవి. ఈ కెమెరాలు చెట్టు మొదట కట్టియుంచినవి. ఎదుట జంతువు నడచిపోగానే దాని కదలికను, ఒంటి వేడిని పసిగట్టి తమంతట తామే ఛాయాచిత్రము తీయును. పులులు నివసించు ఇతర అడవులలో కెమెరాలు తీసిన చిత్రములలో ఇట్టి పులి ఒక్కటియు లేదు. సిమిలిపాల్‌లో మాత్రము నూటికి సుమారు 37 పులులు ఈ విధమైనవే.

నల్లచిరుతకును ఈ పులికిని ఒక భేదము కలదు. నల్లచిరుతలో చర్మము నేలరంగే నల్లబడును. మచ్చలు ఆ నలుపు క్రింద మసకగా కనబడుచుండును. సిమిలిపాల్ పులిలో నేలరంగు మారలేదు. చారల అమరికయే మారినది. చారలు వెడల్పై పరస్పరము కలిసిపోవుటచేత నడుమనున్న పసుపు సన్నని గీతలుగా మాత్రమే మిగిలినది. అందువలన శాస్త్రజ్ఞులు దీనిని నిజమైన నలుపుగా నెంచక, మిథ్యా కృష్ణవర్ణత అని వ్యవహరింతురు.

వంశవృక్షమునుండి జన్యువునకు

అడవిపులుల తల్లిదండ్రులెవరో తెలిసికొనుట కష్టము. జంతుప్రదర్శనశాలలో ఆ చిక్కు లేదు. భువనేశ్వర్ సమీపముననున్న నందన్‌కానన్‌లోను, రాంచీ, చెన్నై జంతుప్రదర్శనశాలలలోను ఇట్టి నల్లచారల పులులు పుట్టియుండెను. వాని పుట్టుపూర్వోత్తరములు పుస్తకములలో వ్రాసియున్నవి. సామాన్యమైన చారలుగల తల్లిదండ్రులకు నల్లపిల్ల పుట్టిన సందర్భములు అందు కనబడుచున్నవి.

బఠాణీ మొక్కలపై మెండెల్ చేసిన ప్రయోగములను పాఠ్యపుస్తకములలో చదివినవారికి ఇది వెంటనే బోధపడును. ప్రతి జన్యువునకును ఒక్కొక్క జంతువులో రెండు ప్రతులుండును. ఒకటి తల్లినుండి, రెండవది తండ్రినుండి వచ్చును. ఒక ప్రతి మారి, రెండవది మారకుండ ఉన్నచో మార్పు పైకి కనబడకపోవచ్చును. అట్టి లక్షణమును అంతర్గత లక్షణము అందురు. రెండు ప్రతులును మారినవైనపుడే అది బయటపడును. నల్లచారలు ఇట్టి అంతర్గత లక్షణమే.

అయితే ఏ జన్యువు మారినది? పులి జీనోములో, అనగా జన్యుపదార్థమంతటిలో, సుమారు 240 కోట్ల రసాయనాక్షరములు కలవు. అందులో ఒక్క అక్షరపు తేడాను వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటవంటిది. పరిశోధకులు నల్లపులుల జీనోములను, వాని బంధువులైన సామాన్యపు పులుల జీనోములను చదివి, ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిరి. నల్లని పులులన్నిటిలోను రెండు ప్రతులుగ నుండి, ఇతర పులులలో ఒక్క ప్రతిగనైన, అసలు లేకుండనైన నుండు మార్పు ఏదియో వారు వెదకిరి. అట్టిది టాక్‌పెప్ అను జన్యువులో దొరికినది. ఆ జన్యువు ఒక ప్రోటీనును తయారుచేయించును. ప్రోటీను అమినో ఆమ్లముల గొలుసు కదా! ఆ గొలుసులో 454వ స్థానమున హిస్టిడిన్ ఉండవలసినచోట టైరోసిన్ వచ్చి చేరినది. జన్యువులో ఒకే ఒక అక్షరము మారుటవలన కలిగిన ఫలితమిది. ఇట్టి మార్పునే ఉత్పరివర్తనము అందురు.

ఈ జన్యువు శాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. పెంపుడు పిల్లులలో కొన్నింటికి సన్నని నిలువు చారలును, మరికొన్నింటికి వెడల్పైన సుడులవంటి మచ్చలును ఉండును. ఈ భేదమునకు టాక్‌పెప్ జన్యువులోని మార్పులే కారణమని 2012లో తేలినది. ఆఫ్రికాలోని రాజచీతా కథయు ఇట్టిదే. సామాన్యపు చీతాకు విడివిడి చుక్కలుండగా దీనికి పెద్దమచ్చలును, వీపుపై నల్లని పట్టీలును ఉండును. 1927లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు దీనిని వేరొక జాతిగా వర్ణించెను. 1981లో దక్షిణాఫ్రికాలో సామాన్యపు చుక్కల చీతాలకే రాజచీతా పిల్ల పుట్టుటతో ఆ భ్రమ తొలగెను. ఆ మచ్చలకును టాక్‌పెప్ జన్యువే కారణము. పిల్లి, చీతా, పులి ముగ్గురు దాయాదులు. వాని చర్మముపై చిత్రములు గీయు కుంచె కూడ ఒక్కటియే.

అడవిలో ఆనవాళ్ల సేకరణ

ప్రదర్శనశాలలో దొరికిన జన్యువు అడవిలో ఎంత వ్యాపించినదో తెలియవలెనన్నచో అడవిపులుల జన్యుపదార్థము కావలెను. పులిని పట్టి నెత్తురు తీయుట పులికిని మంచిది కాదు, మనిషికిని మంచిది కాదు. అందుచేత పరిశోధకులు పులి విడిచిపోయిన ఆనవాళ్లను సేకరింతురు. బాటల ప్రక్కన పడియున్న మలము, రాలిన వెండ్రుకలు మొదలగువానిలో పులి కణములు కొలదిగా అంటియుండును.

ఈ సేకరణ ఓర్పుతో కూడిన పని. ఎండకు, తేమకు జన్యుపదార్థము ముక్కలై చెడిపోవుచుండును. మలములో పులి కణములతోపాటు అది తిన్న జింకవియు, సూక్ష్మజీవులవియు కలిసియుండును. కనుక ప్రయోగశాలలో కావలసిన ముక్కను మాత్రమే ఎన్ని, పాలిమరేజ్ గొలుసు చర్య అను పద్ధతిచే దానిని లక్షలకొలది ప్రతులుగా పెంచి చదువవలసియుండును. రెండు ఆనవాళ్లు ఒకే పులివా, వేరు పులులవా అని ముందుగా నిర్ణయింపవలెను. లేనియెడల ఒక్క పులినే పదిసార్లు లెక్కించు ప్రమాదము కలదు.

ఇట్లు సిమిలిపాల్‌లో 12 పులులను పరిశీలింపగా, వానిలోని టాక్‌పెప్ ప్రతులలో నూటికి 58 మారినవే అని తేలినది. ఇతర తావుల పులులు 395 పరీక్షింపబడినవి. వానిలో ఒక్కదానియందును ఈ మార్పు లేదు. ప్రదర్శనశాలలలోని నల్లపులులు సిమిలిపాల్ పులుల వంశమునకే చెందినవని కూడ తెలియవచ్చినది.

ఇచ్చట విద్యార్థులు తామే చేయదగిన చిన్న లెక్క యొకటి కలదు. మారిన ప్రతుల వంతు 0.58. పిల్లకు తల్లినుండి మారిన ప్రతి వచ్చు అవకాశము 0.58, తండ్రినుండి వచ్చు అవకాశమును 0.58. రెండును మారినవే అగు అవకాశము ఈ రెండింటి లబ్ధము, అనగా 0.3364. నూటికి సుమారు 34 అన్నమాట. కెమెరాలు చూపిన సంఖ్య నూటికి 37. అడవిలో తీసిన ఛాయాచిత్రములును, ప్రయోగశాలలో చదివిన జన్యువులును వేరువేరు దారుల వచ్చి దాదాపు ఒక్కచోటనే కలిసికొన్నవి. 1908లో హార్డీ, వైన్‌బెర్గ్ అను ఇరువురు ఎవరికి వారు కనుగొన్న సూత్రమునకు ఇది మంచి ఉదాహరణము.

వరణమా, యాదృచ్ఛికమా?

ఒక లక్షణము ఒక అడవిలో ఇంతగా వ్యాపించినదనగానే, అది ఆ జంతువునకు ఏదో మేలు చేయుచుండవలెనని తోచును. 1859లో డార్విన్ ప్రకటించిన ప్రకృతి వరణ సిద్ధాంతము ననుసరించి, మేలుచేయు లక్షణముగల జీవులు ఎక్కువ సంతానమును కనును. ఆ లక్షణము తరతరమునకు పెరుగును. దట్టమైన సాలవనములోని చీకటిలో నల్లని ఒళ్లు పొంచియుండుటకు అనుకూలము కావచ్చును గదా అని ఎవరైనను అడుగవచ్చును.

కాని పరిణామమునకు ప్రకృతి వరణ మొక్కటియే కారణము కాదు. రెండవది యాదృచ్ఛికత. దీనిని గణితముతో వివరించినవారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రజ్ఞుడు స్యూయల్ రైట్. 1931లో వెలువడిన ఆయన వ్యాసము ఈ విషయమున ప్రసిద్ధము. ఏ మేలును, ఏ కీడును లేకున్నను, కేవలము అదృష్టవశమున జన్యువుల వంతు తరతరమునకు మారుటను జన్యు విస్థాపనము అందురు.

తరగతిలో దీనిని పూసలతో చూపవచ్చును. ఒకే పరిమాణముగల ఎఱ్ఱపూసలు 6, నల్లపూసలు 6 ఒక సంచిలో వేయవలెను. చూడకుండ ఒక పూసను తీసి, రంగు వ్రాసికొని, మరల సంచిలోనే వేసి కలుపవలెను. ఇట్లు 12 సార్లు తీసిన తరువాత ఎన్ని ఎఱ్ఱవి, ఎన్ని నల్లవి వచ్చినవో చూచి, ఆ లెక్క ప్రకారమే సంచిని కొత్తగా నింపవలెను. అది రెండవ తరము. మరల అట్లే చేయగా మూడవ తరము. కొన్ని తరములలోనే ఒక రంగు పెరిగి రెండవది తగ్గుట, తుదకు ఒక రంగు పూర్తిగా మాయమగుట కనబడును. నల్లపూసకు ఎఱ్ఱపూసకంటె ఏ గొప్పతనమును లేదు. అయినను ఒకటి గెలిచినది, ఒకటి ఓడినది. ఇదే ఆటను 600 ఎఱ్ఱపూసలతోను, 600 నల్లపూసలతోను ఆడినచో పది తరములకైనను పెద్ద మార్పు కనబడదు.

సంఖ్య చిన్నదైన కొలది యాదృచ్ఛికతకు బలమెక్కువ. 1,000 పులులుగల అడవిలో ఒక జన్యువునకు 2,000 ప్రతులుండును. వానిలో కొత్తగా మారిన ఒక ప్రతి, మేలుకీడులు లేనిదైనచో, కాలక్రమమున అన్ని పులులకును వ్యాపించు అవకాశము 2,000లో ఒక్కటి మాత్రమే. 6 పులులే ఉన్న అడవిలో ఆ అవకాశము 12లో ఒకటి. విశాలమైన అడవిలో అణగి నశించిపోవు మార్పు చిన్న అడవిలో సింహాసన మెక్కవచ్చును.

సిమిలిపాల్‌లో జరిగినది ఇట్టిదే కావచ్చునని పరిశోధకులు కంప్యూటరు సాయముతో పరీక్షించిరి. కొద్దిపాటి పులులతో ప్రారంభమై, ఇతర పులులతో రాకపోకలు లేక, తరతరములుగా అట్లే మిగిలిపోయిన గుంపును ఊహించి, జన్యువులు ఎట్లు మారునో అనేక పర్యాయములు లెక్కించిరి. ఆ ఫలితములు అడవిలో కనబడిన స్థితికి సరిపోయినవి. మరియొక సాక్ష్యము కూడ కలదు. ప్రకృతి వరణము టాక్‌పెప్ జన్యువును ప్రత్యేకముగా ఎత్తిపట్టినచో, సిమిలిపాల్‌కును ఇతర అడవులకును ఆ ఒక్క తావున ఉండు తేడా జీనోములోని మిగిలిన తావుల తేడాలకంటె అసాధారణముగా ఉండవలెను. టాక్‌పెప్ తావున తేడా హెచ్చే. కాని మిగిలినవానినుండి వేరై నిలుచునంతటిది కాదు. అనగా సిమిలిపాల్ పులులు ఒక్క చారల విషయముననే కాక జన్యుపదార్థమంతటను వేరుపడినవి. 81 తావులను పరిశీలింపగా వానిలో జన్యు వైవిధ్యము తక్కువగా నున్నట్లును కనబడినది. నలుపు ఆ పులులకు కొంత ఉపకరించునేమో అను శంక దీనితో పూర్తిగా తొలగిపోదు; కాని ఆ ఊహ లేకుండగనే ఇదంతయు జరుగుటకు వీలున్నదని తేలినది.

వింత వెనుక హెచ్చరిక

ఈ దృష్టితో చూచినపుడు నల్లపులి అర్థమే మారిపోవును. అది అడవి సమృద్ధికి గుర్తు కాదు. అడవి ఒంటరితనమునకు గుర్తు. పూర్వము అడవులు ఒకదానితో నొకటి కలిసియుండినపుడు వయసు వచ్చిన పులులు దూరప్రాంతములకు పోయి జతకట్టుచుండెను. నేడు నడుమ పొలములు, ఊళ్లు, రహదారులు, గనులు వెలసినవి. కొత్త పులులు రాని చోట ఉన్నవే తమలో తాము జతకట్టవలసివచ్చును. 2022లో జరిగిన పులుల గణనమున దేశమంతట సుమారు 3,682 పులులున్నట్లు అంచనా వేయగా, సిమిలిపాల్‌లో గుర్తింపబడినవి 16. వానిలో 10 నల్లనివి.

చారలు కలిసిపోవుటవలన పులికి కీడు కలిగినట్లు తెలియదు. కాని చారల జన్యువును పైకెత్తిన యాదృచ్ఛికత, కీడుచేయు మరొక జన్యువును కూడ అట్లే పైకెత్తగలదు. గ్రుడ్డిగా వేయు పాచికకు మంచిచెడ్డలు తెలియవు. పైగా దగ్గరి బంధువులు జతకట్టినపుడు అంతవరకు అణగియున్న దోషములు రెండు ప్రతులుగా కూడి బయటపడును. రాజస్థాన్‌లోని రణథంభోర్ పులులలో ఇట్టి సమీపబంధు సంతానము హెచ్చుగా నున్నట్లు అదే ప్రయోగశాలకు చెందిన మరియొక పరిశోధన 2021లోనే తెలిపెను. నల్లచారలు కంటికి కనబడు మార్పు; కనబడని మార్పులే ఎక్కువ భయపడదగినవి.

దీనికి మందు కొత్తనెత్తురు. 2024 చివరలో మహారాష్ట్రలోని తాడోబా అడవినుండి జమున, జీనత్ అను రెండు ఆడపులులను సిమిలిపాల్‌కు తెచ్చిరి. వీనిలో జీనత్ ఆ అడవిని విడిచి ఝార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ వరకు పోయెను. డిసెంబరు 29న బాంకుడా జిల్లాలో దానికి మత్తుమందిచ్చి పట్టి, మరల సిమిలిపాల్‌కు చేర్చిరి. క్రొత్త అడవిని పులిచేత తన ఇల్లనిపించుట మనుష్యుల ఆజ్ఞతో అగు పని కాదని ఈ ప్రయాణము తెలుపుచున్నది.

ఇక ఈ ఆడపులులకు నల్లని మగపులితో పిల్లలు కలిగినచో అవి ఏ రంగున ఉండును? విద్యార్థులు మెండెల్ సూత్రమునుబట్టి చెప్పగలరు. తల్లివద్ద మారిన ప్రతి లేదు. తండ్రివద్ద ఉన్నవి రెండును మారినవే. పిల్లలన్నిటికిని ఒక్కొక్క మారిన ప్రతియే వచ్చును. కనుక ఒక్కటియు నల్లగా పుట్టదు; అన్నియు సామాన్యపు చారలతోనే పుట్టును. పైచూపునకు అది నల్లపులుల వంశము తరిగిపోవుటగా తోచవచ్చును. 2024 జనవరిలో ఒడిశా ప్రభుత్వము బారిపదా సమీపమున నల్లపులుల సఫారీ నెలకొల్పనున్నట్లు ప్రకటించియున్నది. నల్లపులి ఆ రాష్ట్రమునకు గర్వకారణమైనది. అట్టిచోట నల్లపిల్లలు తగ్గుట ఎవరికైనను నష్టముగా కనబడుట సహజమే.

కాని జన్యువు పోలేదు, అణగియున్నది అంతే. ఆ పిల్లలలో రెండు పెరిగి జతకట్టినచో వాని సంతానములో నాలుగింట ఒక వంతు మరల నల్లగా పుట్టవచ్చును. ఈలోగా తాడోబానుండి వచ్చిన వేలకొలది ఇతర జన్యుభేదములు ఆ అడవిలో చేరి, సన్నగిల్లిన వైవిధ్యమును పెంచును. నల్లచారలను కాపాడుటకై బయటి పులులను రానీయకుండుట, పటము చెడునను భయముతో ఇంటి కిటికీలన్నియు మూసివేయుటవంటిది. కాపాడవలసినది రంగును కాదు, పులిని. పులిని కాపాడుటయన్న, ఒక అడవినుండి మరియొక అడవికి అది నడచిపోగల దారిని కాపాడుట.